గనిగుంతలో ఏమీ లేదు

నీళ్ళు లేని సీమలో మదార్ సాహెబ్‌కు నీళ్ళే బతుకుదెరువు. ఓర్వకల్లు చుట్టుపక్కల ఏ బావిలో మోటారు జారిపడినా, దూడ పడినా ముందు ఆయనకే ఫోను. నడుముకు తాడు కట్టుకుని ఒక్క మునక వేశాడంటే, గట్టు మీదివాళ్ళు బీడీ ముట్టించి సగం కాల్చేదాకా లేచేవాడు కాదు. "సాయిబు పోయిన జన్మలో కప్పప్పా" అని నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

మోటార్లు తీసే మనిషికి మనుషుల్ని తీసే పని కూడా తప్పదు. ఆ పనికి తండ్రి నేర్పిపోయిన పద్ధతి ఒకటుంది. శవాన్ని పైకి తెచ్చాక, కింద అది ఏ తీరున దొరికిందో ఇంటివాళ్ళకు చెప్పకూడదు. చేతులు దేన్ని పట్టుకుని ఉన్నాయో, కాలు దేంట్లో ఇరుక్కుందో నోరు విప్పి అనకూడదు. అడిగిన తల్లికి ఒక్కటే జవాబు, "నిద్రపోయినట్టు పోయినాడమ్మా" అని. తండ్రీ కొడుకులిద్దరూ ఈ అబద్ధాన్ని బతుకంతా నిష్ఠగా చెప్పారు. కడుపుకోతతో ఎదురుగా నిలబడ్డ మనిషితో అంతకన్నా ఏం చెప్తారు లెండి!

ఊరి పక్కన పాత నాపరాయి గని ఉంది. రాయి తీయడం ఎప్పుడో ఆపేశారు. ఊటతో, వానలతో నిండిన ఆ గుంతలో నీళ్ళు నీలంగా, అద్దంలా ఉంటాయి. చుట్టూ కందిచేలు వాడిపోతుంటే అంత నీరు చూసిన ఏ పడుచువాడికైనా దూకాలనిపిస్తుంది. దూకినవాళ్ళలో కొందరు తిరిగి లేవలేదు. అందుకు ఊరు కట్టిన కథ బిలం. గని అడుగున బిలముందట, అది నల్లమల కింద నుంచి కృష్ణ దాకా పోతుందట, మనిషి కనబడితే కాలు పట్టి లాగుతుందట. బెలుం గుహలున్న సీమ కదా, నేల కింద దారులంటే ఇక్కడ నమ్మనివాడు లేడు. ఎవరో పసుపు పూసిన కొబ్బరికాయ వేస్తే శ్రీశైలంలో తేలిందని టీ అంగడి దగ్గర ఇప్పటికీ చెప్తారు. వేసిందెవరో, అక్కడ కాచుకుని పట్టుకున్నదెవరో మాత్రం ఎవరూ అడగరు.

నిజం మదార్ సాహెబ్‌కు తెలుసు. బిలం లేదు, గిలం లేదు. తూర్పు మూలలో, నీళ్ళ కింద రాతి మెట్టు మీద, పాత క్రేను తాలూకు ఇనుపతాడు చుట్టలు చుట్టలుగా పడి ఉంది. గనివాళ్ళు వదిలేసిపోయిన సొత్తు. పోగులు విడిపోయి ముళ్ళకంపలా లేచి ఉంటాయి. పక్కింటి ఉరుకుందమ్మ ఒక్కగానొక్క కొడుకు నాగార్జున కాలు చిక్కుకుంది అందులోనే. ఆ పిల్లోడి గోళ్ళు విరిగిపోయి ఉండటం ఆయన నీళ్ళలోనే చూశాడు. కాలు విడిపించి పైకి తెచ్చి, ఒడ్డున పడి పొర్లుతున్న ఉరుకుందమ్మకు అలవాటైన మాటే చెప్పాడు.

తరవాత ఒకటి రెండుసార్లు ఒక్కడే పోయి ఆ తాడును లాగి చూశాడు. కదల్లేదు. క్రేను పెట్టి తీయించాలి. క్రేను ఎందుకంటే కారణం చెప్పాలి. కారణం చెప్తే ఉరుకుందమ్మ చెవిన పడుతుంది. ఆయన ఆగిపోయాడు. ఎలాగూ బిలం పుకారు గనికి కాపలా కాస్తోంది, నాగార్జున పోయాక ఎవ్వరూ దిగడం లేదు, ఇక తాడుతో ఎవరికేం పని అనుకున్నాడు. అలా సర్దిచెప్పుకోవడం మనందరికీ వచ్చిన విద్యే.

ఆయనకు ఒక కూతురు, సమీరా. చిన్నప్పుడే నడుముకు ఎండు సొరకాయలు కట్టి బావిలో దింపాడు. ఆడపిల్లకు ఈతలేమిటని భార్య అబీదా బీ గొణిగినా వినలేదు. డిగ్రీ అయ్యాక కర్నూల్లో ఏదో అంగట్లో లెక్కలు రాస్తూ విసిగిపోయి ఉన్న రోజుల్లో, గనిగుంతలో స్కూబా, అంటే వీపుకు గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగున ఈదడం, నేర్పిస్తామంటూ బయటి ఊరివాళ్ళు వచ్చారు. సముద్రం లేనిచోట ఇంత తేటనీరు దొరకడం అదృష్టమని వాళ్ళ సంబరం. శిక్షకుడు దావీదురాజు విశాఖపట్నం వైపువాడు, మంచివాడు. సమీరా ఈత చూసి, నేర్చుకుంటే నిన్నే ఇక్కడ టీచర్ని చేస్తానన్నాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల కాళ్ళు నేల మీద లేవు.

మొదలుపెట్టే ముందు దావీదురాజు ఊరివాళ్ళను గట్టు మీదికి పిలిచాడు. బిలం మాట ఆయన చెవిన కూడా పడింది. నలుగురిలోనే మదార్ సాహెబ్‌ను అడిగాడు.

"సాహెబ్ గారూ, ఈ గుంతలో దిగి చూసినవారు మీరొక్కరే అంటున్నారు. కింద మాకు ప్రమాదమయ్యేది ఏమైనా ఉందాండీ?"

మదార్ సాహెబ్ నోరు తెరిచాడు. ఎదురుగా ఉరుకుందమ్మ నిలబడి ఉంది. కొడుకు పోయాక ఆ చోటికి ఆమె రావడం అదే మొదలు. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆ చూపు ముందు ఇనుపతాడు మాట ఎత్తలేకపోయాడు.

"ఏమీ లేదు సార్" అన్నాడు.

తరవాత విడిగా చెప్దామనుకున్నాడు. చెప్దామనుకున్న మనిషి చుట్టూ ఎప్పుడూ జనమే. అద్దాలు పెట్టుకుని దిగుతారు, వాళ్ళకే కనబడుతుందిలే అని సరిపెట్టుకున్నాడు. వాళ్ళేమో లోతు ఎక్కువున్న పడమటి వైపే తాడు కట్టుకుని పాఠాలు చెప్పుకున్నారు. అడుగున బిలం లేదని వీడియో తీసి ఫోన్లలో పంచారు. ఊరు రెండు రోజులు చిన్నబోయి, మూడో రోజు నుంచి మేమెప్పుడో చెప్పలేదా అంది.

కూతురి విషయంలో మాత్రం ఆయన ప్రాణం ఊరుకోలేదు. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

"సమీరా, ఆ తూర్పు మూలకు మాత్రం పోవద్దు."

"ఏం నాయనా? యేముండాది ఆడ?"

కిటికీ అవతలే ఉరుకుందమ్మ అంట్లు తోముతున్న చప్పుడు. ఆయన అటు ఒకసారి చూసి ముద్ద కలిపాడు.

"బిలం ఆ దిక్కే ఉండాదంటారు గదా."

సమీరా పకపకా నవ్వింది. "నువ్వు గూడా నమ్ముతాండావా నాయనా? అంతమందిని బయటికి తీసినోడివి! చూడు, ఒకదినం ఆ మూల చూసొచ్చి నీ భయం పోగొడ్తా."

"పోవద్దంటే పోవద్దు" అన్నాడాయన. ఆ గదమాయింపు ఆ పిల్లకు భయంగా తోచలేదు, ముచ్చటగా తోచింది. ఎంత గజ ఈతగాడైనా మా నాయనకు బిలమంటే భయం అని ఆ సాయంత్రమే దావీదురాజుతో చెప్పి నవ్వించిందట.

ఆదివారం పొద్దున పాఠం అయిపోయి, సామాను జీపుకెక్కిస్తున్నారు. సమీరా ఇంకా నీళ్ళలోనే ఉంది. వీపు మీది సిలిండర్లో కొంచెం గాలి మిగిలి ఉంది. ఇదిగో వస్తానని చెయ్యూపి మునిగిందన్నారు. ఒంటరిగా దిగకూడదని ఆమెకు నేర్పిన మొదటి పాఠమే అది. నాన్న బిలాన్ని అబద్ధం చేయడానికి ఇద్దరెందుకనుకుందేమో.

మదార్ సాహెబ్‌కు కబురు అందేసరికి దావీదురాజు పడమటి వైపు రెండుసార్లు గాలించి వచ్చాడు. ముఖం పాలిపోయింది. "ఎటు పోయిందో తెలియట్లేదండీ" అంటున్నాడు. మదార్ సాహెబ్ ఆగలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. చొక్కా విప్పి పారేసి, తిన్నగా తూర్పు మూలకు పరుగెత్తి దూకాడు. ఎటు వెతకాలో ఆయనకు ముందే తెలుసని గట్టు మీద ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు. దావీదురాజు చూశాడు. ఉరుకుందమ్మా చూసింది.

కూతురు ఈతకని కాలికి తొడుక్కున్న రెక్కచెప్పు పట్టీ ఇనుపతాడులో బిగుసుకుపోయి ఉంది. విప్పుకోబోయిన చేతులు రెండూ పోగులకు గీరుకుని తెగి ఉన్నాయి. తీశాడు. ఎత్తుకుని పైకి తెచ్చాడు. ఇంతకు ముందు ఎందరినో తెచ్చిన చేతులే. ఆ చేతులు ఆ రోజు ఒడ్డుకు చేరాక కూడా బిడ్డను వెంటనే దించలేదు.

అబీదా బీ వచ్చి కూతురి తల ఒళ్ళోకి తీసుకుంది. ఏడవలేదు. భర్త వైపు తిరిగి అడిగింది.

"నా బిడ్డ శానా తిప్పలు పడిందా?"

ఆయన నాలుకకు అలవాటైన మాట అక్కడే, పెదవుల దగ్గరే ఉంది. బయటికి రాలేదు.

"పడింది" అన్నాడు. "ఆడ ఇనుపతాడు ఉండాది. నాకు తెలుసు. అడిగితే ఏమీ లేదంటి. ఉరుకుందమ్మా, నీ కొడుకు గూడా అందులోనే... నిద్రపోయినట్టు పోలేదమ్మా. నేను నీకు అబద్ధం చెప్పినా."

దావీదురాజు తల పట్టుకుని రాయి మీద కూలబడ్డాడు. ఉరుకుందమ్మ లేచి వచ్చి మదార్ సాహెబ్ ముందు నిలబడింది. కొడుతుందనుకున్నారంతా. కొట్టి ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేదేమో.

"నాకు తెలుసన్నా" అంది. "వానికి కడసారి తానం చేయించింది నేనే గదా. కాలి చుట్టూ తాడు కోసిన గుర్తు చూడలేదనుకుంటివా? విరిగిన గోళ్ళు చూడలేదనుకుంటివా? నువ్వు నా ముఖం చూసి అంత కష్టపడి అబద్ధం చెప్తాంటే, నీ మనసు నొస్తాదని నేను గూడా నమ్మినట్టే ఉంటి."

మదార్ సాహెబ్ తలెత్తాడు. "మరి ఆ పొద్దు సారు అడిగినప్పుడు నువ్వన్నా చెప్పకూడదా తల్లీ?"

"చెప్దామనే వచ్చినా. నువ్వు నా దిక్కు చూసి ఏమీ లేదంటివి. నలుగురిలో నిన్ను అబద్ధాలోణ్ణి చేయలేకపోతి."

ఆమె అబీదా బీ పక్కన కూర్చుని, సమీరా చేతులు రెండూ తన కొంగుతో తుడవసాగింది. అప్పుడు అబీదా బీ గొంతు విప్పి ఏడ్చింది.