షూరా మీద నా ఉపన్యాసం

2019 జూన్‌లో సూరత్‌లో, ఉధ్నాలో ఒక ముస్లిం ట్రస్టు నడిపే ప్రైవేటు పాఠశాలకు ప్రిన్సిపాల్‌గా చేరాను. అంతకుముందు తెలంగాణలో చాలా ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను. నాయకత్వం మీద చదివిన నాలుగు ముక్కలు తలకెక్కి ఉన్న రోజులవి. టీచర్లలో ఉత్సాహం నింపడానికే నేను పుట్టానని గట్టిగా నమ్మేవాణ్ని.

మరుసటి ఏడు కరోనా వచ్చి పాఠాలు ఫోన్లకెక్కాయి. టైంటేబుల్ నేనే వేసి, రంగులద్ది, అడుగున ‘మార్పులకు తావు లేదు’ అని రాశాను. ఇబ్బందులుంటే టీచర్ సెక్షన్ సూపర్‌వైజర్‌కు, ఆమె వైస్ ప్రిన్సిపాల్‌కు, ఆయన నాకు చెప్పాలని సర్క్యులర్ ఇచ్చాను. నెలలు గడిచినా నా దాకా ఒక్క ఫిర్యాదూ రాలేదు. నా పాలన అంత సజావుగా ఉందని ట్రస్టు అధ్యక్షుడు హాజీ సాబ్ దగ్గర గొప్పలు కూడా పోయాను.

దీపావళి ముందు లెక్కల టీచర్ లత రాజీనామా పంపింది. కారణం ‘ఇంటి పరిస్థితులు’ అని రాసింది. ఆమెది మగ్గాల పనికి తెలంగాణ నుంచి ఉధ్నా వచ్చి స్థిరపడిన కుటుంబం. పదో తరగతికి లెక్కలు చెప్పేది ఆమె ఒక్కతే. నోటీసు గడువు నెల. ఆమె పోతే నడి సంవత్సరంలో ఇంకొకరు దొరకరని, పిల్లలు మునిగిపోతారని హాజీ సాబ్ కంగారుపడ్డారు. నేను మాత్రం ఇది ఉత్సాహం తగ్గిన కేసని తేల్చేశాను. మందు నా దగ్గరే ఉంది: ఉపన్యాసం.

విషయం షూరా, అంటే ఏ పనైనా పదిమందిని సంప్రదించి చేయడం. ఇస్లాం దానికిచ్చిన విలువ గురించి వారమంతా తయారయ్యాను. ఎవరినీ సంప్రదించలేదు.

శనివారం ఆన్‌లైన్ స్టాఫ్ మీటింగు. మొదట దీనియాత్, అంటే మత విద్య, చెప్పే మౌలానా సాబ్ ఖురాన్ పఠించారు. అంతసేపూ అందరి మైకులూ బంద్ ఉండాలన్నది నేను పెట్టిన నియమమే. పఠనం అయ్యాక నేను అందుకున్నాను. అరగంట దంచాను. లత సేవలను పొగుడుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. తెర మీద అందరూ గంభీరంగా తలలూపుతున్నారు. ముగించి చేతులు కట్టుకున్నాను. చాట్‌లో ‘మాషా అల్లాహ్’, ‘చాలా బాగా చెప్పారు సర్’ అని వరసగా వచ్చిపడ్డాయి.

అప్పుడు లత మైకు తెరిచింది. అక్కడ తెలుగు తెలిసింది మా ఇద్దరికే.

“సార్, ఏమనుకోకుర్రి. మీ మైక్ బంద్ ఉన్నది. మొదటి సంది ఒక్క ముక్క గూడ ఇనబడలే.”

మైకు తెరిచి, ఎవరూ ఎందుకు చెప్పలేదని హిందీలో అడిగాను. మళ్ళీ లతే అంది. “మీకు ఏదన్న చెప్పాల్నంటె సూపర్‌వైజర్ మేడమ్ నుంచి రావాలె గద సార్. నేనెట్లగూ పోయేదాన్నే, అందుకే సీదా చెప్పిన.”

సాయంత్రం ఆమెకు ఫోన్ చేసి, “ఎందుకు వెళ్తున్నారమ్మా?” అని అడిగాను. రాజీనామా అందాక ఆ ప్రశ్న వేయడం అదే మొదలు.

“ఇంట్ల ఒకటే ఫోన్ సార్. నా క్లాసు, మా బిడ్డ క్లాసు ఒకటే టైముకు పడ్డయి. నేను చెప్తె దాని చదువు బంద్. జూలైలనే మేడమ్‌కు చెప్పిన.”

సూపర్‌వైజర్‌ను అడిగితే, మార్పులకు తావు లేదని నేనే రాశాను కదా అంది. లెక్కలు మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాతకు జరపాలంటే దీనియాత్ ఉదయానికి రావాలి. భయపడుతూనే మౌలానా సాబ్‌ను అడిగాను. ఆయనకు మొదటి నుంచీ ఉదయమే కావాలట. ఆయనా సూపర్‌వైజర్‌కు చెప్పి ఊరుకున్నారట. రెండు గడులు అటూ ఇటూ మార్చాను. సోమవారం లత రాజీనామా వెనక్కి తీసుకుంది.

కిందివాళ్ళు నోరెత్తకపోతే అంతా బాగున్నట్టేనని అన్నాళ్ళూ లెక్కేసుకున్నాను. తర్వాత సర్క్యులర్ రద్దు చేశాను. రిటైరయ్యే దాకా ప్రతి మీటింగులోనూ టీచర్లందరి తర్వాతే మాట్లాడాను. అప్పటికి చాలాసార్లు నేను చెప్పాల్సింది ఏమీ మిగిలేది కాదు.