నీలమ్మ పారబోయని గొట్టాలు

కొత్తగూడ నీలమ్మ 1974లో ఒక ప్రయోగశాలలో గాజుసామాను కడిగే పనికి చేరింది. శేరిలింగంపల్లి దారిలో, రాళ్ళగుట్టల పక్కన నాలుగు గదుల పెంకుటిల్లు అది. అంతకుముందు ఆమె కంకర కొట్టేది. చదువు లేదు. కానీ కడిగిన ప్రతి గొట్టాన్నీ వెలుతురుకెత్తి చూస్తే గానీ పక్కన పెట్టేది కాదు.

అక్కడ పరిశోధన చేసే పద్మావతిది కాకినాడ. మేక గుర్దాల (మూత్రపిండాల) నుంచి ఒక ఎంజైమును వేరుచేసి, కణాల పొరల్లో ఉండే ఒకరకం కొవ్వును అది ఎలా విడగొడుతుందో చూడడం ఆమె పని. ఆ కొవ్వు విరగక పేరుకుపోతే పసివాళ్ళ నరాలు దెబ్బతింటాయి. నడక నేర్చిన బిడ్డ మళ్ళీ నడక మరిచిపోతుంది. పద్మావతి అక్క కూతురు అలాగే పోయింది.

మొదట్లో గుర్దాల రసం కొవ్వును బాగానే విడగొట్టింది. రెండేళ్ళకు పద్మావతి పొడవాటి గాజుగొట్టంలో సన్నని పూసలు నింపి, దానిగుండా రసాన్ని దించి శుభ్రం చేయడం మొదలుపెట్టింది. పెద్ద ప్రోటీన్లు ముందు దిగుతాయి, చిన్నవి వెనక. దిగినదాన్ని వరసగా చిన్న గొట్టాల్లో పట్టేది. ఎంజైమున్న ముందరి గొట్టాలు ఉంచుకుని, చివరివి పారబోయమనేది. చిత్రంగా, ఎంజైము శుభ్రపడినకొద్దీ కొవ్వు విరగడం తగ్గింది. ఒకనాటికి పూర్తిగా ఆగిపోయింది.

మూడు నెలలు అలాగే గడిచాక, ఒక మధ్యాహ్నం పద్మావతి విసిగిపోయింది.

"నీలమ్మా, సరిగ్గా కడుగుతున్నావా? గొట్టాల్లో కడిగిన యాసిడ్ మిగిలిపోతోందేమో!"

"గట్లనకు అమ్మా. ఒక్కోటి నాలుగుసార్లు కడుగుత."

ఆ పూట నీలమ్మ సద్ది విప్పలేదు. కాసేపు వరండాలో కూర్చుని, లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఒక్క మాట చెప్తనమ్మా. ముందుగాల అంత కలిపే పోసెటోళ్ళు, మంచిగ నడిచింది. చివరియి పారబోసుడు షురువైనంక గిట్లయితుంది. ఇయ్యాలటియి నేనింక పారబోయలే."

"వాటిలో ఎంజైము లేదు నీలమ్మా. చూశాను."

"లేకుంటేంది? జర కలిపి చూడరాదు?"

పద్మావతి ఆ గొట్టాలు తెప్పించుకుంది. వాటిలోని నీటిని మరిగించింది. ఎంజైము పొరపాటున ఏ కాస్త ఉన్నా చచ్చిపోవాలని. చల్లార్చి, తేటను శుభ్రమైన ఎంజైములో కలిపింది. మరునాడు కొలిచి చూస్తే కొవ్వు విరిగింది. మళ్ళీ చేసినా విరిగింది.

"నీమీద తప్పు వేశాను. ఏమీ అనుకోకు," అంది పద్మావతి, నీలమ్మ చెయ్యి పట్టుకుని.

"పోనీయమ్మా. ఇంతకు అండ్ల ఏముంది?"

"ఓ చిన్న ప్రోటీను అయ్యుంటుంది, మరిగించినా చెడనిది. కొవ్వేమో కణం పొరలో ఇరుక్కుని ఉంటుంది, నీళ్ళలో తిరిగే ఎంజైముకు అందదు. ఈ చిన్నది పొర దగ్గరికి పోయి కొవ్వును పైకి లాగి ఎంజైముకు అందిస్తుంది. తను మాత్రం దేన్నీ విరగ్గొట్టదు. బయటి దేశాల్లో ఇట్లాంటిదొకటి ఉందని చదివాను గానీ, మన గొట్టాల్లో ఉందని తట్టలేదు."

నీలమ్మ ఆలోచించింది. "అయితే, ఎంజైము మంచిగుండి గిది లేకున్నా పోరగాండ్లకు గా బీమారి వస్తదా?"

పద్మావతి నోటుపుస్తకం తెరిచింది. అందులో ఆ ప్రశ్నను తెలుగులోనే రాసి, కింద నీలమ్మ పేరు వేసింది. మరుసటి వారం నుంచి పూసలు నింపడం, గొట్టాలకు వరస అంకెలు వేయడం ఆమెకు నేర్పింది. 1979 నాటికి కొత్తగా చేరినవాళ్ళు ఆ పని నీలమ్మ దగ్గరే నేర్చుకునేవారు.