మేనత్తకు ఊలు పడదు

మా చుట్టాల్లో ఈనాటికీ చెప్పుకునే మాట ఒకటుంది. మా మేనత్త ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు అల్లిపెట్టింది కానీ, పాపం, ఆమె ఒంటికి మాత్రం ఊలు పడేది కాదట, తొడుక్కుంటే దురద పెట్టేదట. ఈమధ్య ఒక పెళ్లిలో మా అక్క మనవరాలు ఆ మాట నాకే చెప్పింది, నాకేదో కొత్త సంగతి తెలియజేస్తున్నట్టు. పెళ్లివాళ్ల ముందు గొడవెందుకని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజులవి. మాది భద్రాచలం వైపు నుంచి వచ్చి తోంగ్‌పాల్‌లో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. నాన్న కలప డిపోలో మున్షీ. తాతయ్య ఉన్నా ఇంట్లో నాయనమ్మ మాటే చెల్లేది. ఆమె తర్వాత అమ్మ, ఆ తర్వాత అక్క, నేను. అందరి తర్వాత మా మేనత్త, నాన్నకు సొంత చెల్లెలు. ఆమె భర్త జగదల్‌పూర్‌లో కచేరీ గుమాస్తాగా ఉండేవాడు. కాపురానికి వెళ్లిన కొద్దికాలానికే ఆయన జ్వరంతో పోయాడు. ఆ కొద్దికాలంలో మేనత్త పక్కింటి మిషనరీ బడి టీచరమ్మ దగ్గర స్వెట్టర్లు అల్లడం నేర్చుకుంది. గుండు చేయించిన తలతో, తెల్లచీరతో మా ఇంటికి తిరిగొచ్చినప్పుడు ఆమె వెంట తెచ్చుకున్న ఆస్తి ఆ అల్లిక ఒక్కటే.

కొండ దిగి కోంటా, ఎర్రబోరు వైపు వెళితే చలి పెద్దగా ఉండదు. మా ఊళ్లో అలా కాదు. వరికోతల నాటినుంచి రోజూ పొద్దెక్కేదాకా మంచు దిగి ఉండేది, బావిగట్టు మీద కాలు పెడితే జివ్వుమనేది. సంతకు వచ్చే మురియా గూడేల ఆడవాళ్లు భుజాలమీద ముతకగుడ్డ కప్పుకొని నెగళ్ల దగ్గర కూర్చునేవారు. మేము స్వెట్టర్లు తొడుక్కునేవాళ్లం, దాంట్లో మాకు కొంత గర్వం కూడా ఉండేది.

స్వెట్టరు ఒకటే అయినా తొడుక్కునే తీరు ఎవరిది వాళ్లదే. అమ్మ గుండీలన్నీ పెట్టుకొని పైట దానిమీదుగా లాగి నడుముకు దోపేది, అసలు లోపల స్వెట్టరు ఉందని ఎవరికీ తెలియకూడదన్నట్టు. నాయనమ్మది మట్టిరంగుది. దాన్ని వీపుమీద వేసుకొని దాని చేతులు రెండూ మెడకింద ముడేసుకునేది, తొడుక్కుంటే ముసలిదాన్నయ్యానని ఒప్పుకున్నట్టే అవుతుందని ఆమె భయం కాబోలు. అక్కది ఎర్రది. రేంజరుగారి భార్య ఒకసారి డిపో చూడటానికి వచ్చి, పైగుండీ వదిలేసి, పైట స్వెట్టరు లోపల వేసుకొని కనిపించింది. మర్నాటి నుంచి అక్క కూడా పైగుండీ వదిలేసింది. నాయనమ్మ చూసినప్పుడల్లా పెట్టుకునేది, గుమ్మం దాటగానే తీసేది.

మేనత్త అల్లే పద్ధతిలో ఒక తిరకాసుంది. చేతులు విడిగా అల్లి, భుజాల దగ్గర ఊలుపోగుతోనే కలిపేది. ఆ పోగు లాగితే చేతులు ఊడొచ్చేవి, వానాకాలమంతా వాటిని అతికించేది కాదు. ముసురు రోజుల్లో ఒంటికి వెచ్చగా ఉండాలి, కానీ నీళ్లపని చేసే చేతులకు తడి ఊలు చుట్టుకోకూడదు కదా. దసరాకు మళ్లీ చేతులు వచ్చి అతుక్కునేవి. ఎండాకాలం స్వెట్టరనేదే ఇంట్లో ఉండేది కాదు. అన్నింటినీ విప్పేసి, తిరగేసిన ముక్కాలిపీట కాళ్లకు ఊలు చుట్టి చిలపలు చేసి, కుంకుడు రసంలో ఉతికి, వెదురుగడకు ఆరేసి, వేపాకు వేసి పెట్టెలో పెట్టేది. తొలకరికి ముందే కొత్త కొలతలతో, కొత్త అల్లికతో మళ్లీ మొదలుపెట్టేది. వెదురు చీల్చి నునుపు చేసుకున్న పుల్లలే ఆమె సూదులు. ఏడాది పొడుగునా ఆమె చేతిలో మా స్వెట్టర్లే ఉండేవి. ఒంటిమీద మాత్రం రెండు మడతలు పెట్టిన పాత పంచె.

ఆమెకు ఉబ్బసం. చలికాలం వస్తే చాలు, ఊపిరి ఈలవేసినట్టు చప్పుడు చేసేది. అయినా తెల్లవారకముందే బావిదగ్గర చన్నీళ్లు పోసుకొని, తడిపి పిండిన చీరతో మడివంట చేయాల్సింది ఆమే. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు, ఆ ఈల చప్పుడు కలిసి వినపడితే మాకు తెల్లవారినట్టు లెక్క. పక్కమీద వెచ్చగా ముడుచుకొని అది వింటూ పడుకునేవాళ్లం. ఎవరికీ ఏమీ అనిపించేది కాదు, రోజూ వినే చప్పుడు కనుక.

ఒక చలికాలం ఆమె ఇక తట్టుకోలేక నాయనమ్మను అడిగింది. మిగిలిపోయిన ఊలుతో తనకూ ఒకటి అల్లుకుంటానంది. నాయనమ్మ పప్పులో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే, "నీకు రవికే లేదు, స్వెట్టరేందే?" అంది.

మేనత్త అంతకుముందే ఆలోచించుకొని వచ్చినట్టుంది. నిదానంగా చెప్పింది.

"రవికంటే కత్తెరతోటి కోసి కుట్టింది గదమ్మా. దీన్ని కొయ్యలే, కుట్టలే. అంతా ఊలుపోగే. ఉన్నికి మైల లేదని నువ్వే అంటవు. నువ్వు మడికి కట్టుకునే ధావళి కూడా ఉన్నిదే గదా."

నాయనమ్మ చేతిలో చాట ఆగింది. ఆమె ఆచారం ఆమెకు అడ్డం తిరిగింది. "ఉన్నికి మైల లేదు, నిజమే. కానీ రంగున్నది గదనే. నలుగురు జూస్తే ఏమంటరు? తెల్లదైతే తొడుక్కో, నేనొద్దన" అంది.

తెల్ల ఊలు మా ఇంట్లో లేదు. ఆ సంగతి తెలిసే నాయనమ్మ అంత ధారాళంగా వరమిచ్చింది. జగదల్‌పూర్ దుకాణాల్లో ఉండేది, లేకపోలేదు. నాన్న పనిమీద వెళ్లినప్పుడు రేంజరుగారి భార్య చెప్పి పంపితే ఆమె కోసం తెచ్చేవాడు కూడా. ఒకసారి ఆ పొట్లం మా అరుగుమీదే ఉంది. మేనత్త విప్పి ఒక చిలప ఒడిలో పెట్టుకొని, "ఎంత మెత్తగున్నదన్నా" అంది. నాన్న, "ముట్టకు, మాసిపోతది" అన్నాడు. నాన్న చెడ్డవాడు కాదని అందరూ అంటారు. చెల్లెలికి ఒక్క స్వెట్టరుకు సరిపడా ఊలు తేవాలని ఆయనకు ఎన్నడూ తోచలేదు, అంతే. ఆడవాళ్ల సంగతులు నాకెందుకని అనేవాడు.

నా లేత నీలం స్వెట్టరు ఆ ఏడు నాకు పట్టలేదు. మేనత్త దాన్ని అడిగి తీసుకుంది. ఎండాకాలం రాగానే విప్పి, చిలపలు కట్టి, నిమ్మరసం పిండిన నీళ్లలో నానేసి, పెరట్లో ఎండకు పెట్టింది. బూడిదనీళ్లయితే రంగు తొందరగా పోయేది కానీ ఊలును తినేస్తుందని ఆమె వాటి జోలికి పోలేదు. పొద్దున పెట్టడం, మధ్యాహ్నం తిరగేయడం, సాయంత్రం తడిపి మళ్లీ పరవడం. ఒక్క ఎండాకాలంతో అయ్యే పనా అది. నీలం కాస్త వెలిసి మబ్బురంగు అయ్యేసరికి వానలు వచ్చేవి. చిలపలు పెట్టెలోకి పోయేవి. చలికాలం మళ్లీ ఆ పాత పంచే, ఆ ఈలే. తర్వాతి ఎండాకాలం మళ్లీ చిలపలు పెరట్లోకి వచ్చేవి. నాయనమ్మ అటు వెళ్లినప్పుడల్లా, "ఇంక నీలం కనబడ్తనే ఉన్నది" అనేది. మేనత్త ఇంకో నిమ్మకాయ కోసేది.

అలా ఎండాకాలాలు గడిచాయి. నేను పెద్దదాన్నయ్యాను, అక్కకు సంబంధాలు చూడటం మొదలైంది. ఒక వేసవి చివర ఆ ఊలు నిజంగానే తెల్లబడింది. రేంజరుగారి భార్య ఊలంత తెలుపు కాదు, బియ్యం కడిగిన నీళ్ల రంగు. నాయనమ్మ ఎండలో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, వంక దొరక్క, "సరే, అల్లుకో" అంది.

దీపావళి తర్వాత మేనత్త అది అల్లుకుంది. ఏ పువ్వూ తీగా లేని సాదా అల్లిక, మెడ దగ్గర మాత్రం కాస్త ఎత్తు. స్నానం చేసి, మడిచీర మీద అది తొడుక్కొని, గుండీలు పెట్టుకొని, పైట బిగించి వంట మొదలుపెట్టింది. మొదటి రోజు మాకు తేడా తెలియలేదు. తర్వాత ఒక పొద్దున నాకు మెలకువ వచ్చి, ఇంట్లో ఏదో తక్కువైనట్టు తోచింది. చెవులు రిక్కించి విన్నాను. గిన్నెల చప్పుడు ఉంది, ఈల లేదు. లేచి వంటింట్లోకి వెళ్లి చూశాను. మేనత్త పొయ్యిముందు నిలబడి చారు పోపు వేస్తూ సన్నగా ఏదో పాడుకుంటోంది. ఆమె పాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

సంక్రాంతి వెళ్లి మాఘం వచ్చింది. భద్రాచలం నుంచి పెళ్లివారు అక్కను చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అమ్మ ఎర్ర స్వెట్టరు తీసి అక్క భుజాలకు ఆనించి చూసింది. అది తొడిగితే పిల్ల నల్లగా కనబడుతోందంది, పైగా మోచేతుల దగ్గర అరిగిపోయింది. స్వెట్టరు లేకుండా ఉంటే, జగదల్‌పూర్ తోవలో ఉండి కూడా పిల్లకు నాగరికం తెలియదనుకుంటారంది. పసుపురంగుది అయితే బాగుంటుంది, శుభం కూడా. హోళీకని దాచిన మోదుగుపూలు ఇంట్లో ఎండబెట్టి ఉన్నాయి. కానీ ఎరుపు మీద పసుపు ఎక్కదు కదా. ఏ రంగైనా పట్టాలంటే ఊలు తెల్లగా ఉండాలి.

అమ్మ మాట అక్కడ ఆపేసి వంటింటి వైపు చూసింది. నాయనమ్మ కూడా చూసింది. అక్కా మేనత్తా ఇద్దరూ సన్నగానే ఉండేవారు, విప్పి మళ్లీ అల్లే పని కూడా లేదు.

అక్క, "నాకొద్దు" అంది. అమ్మ, "నిన్నెవరడిగిన్రే?" అంది.

నాకప్పుడు ఒక ఆశ ఉండింది. బొట్టులేని మనిషి తొడుక్కున్న బట్టను పెళ్లికావాల్సిన పిల్లకు తొడగడానికి నాయనమ్మ ఛస్తే ఒప్పుకోదనుకున్నాను. దారిలో మేనత్త ఎదురొస్తే వెనక్కి వచ్చి కూర్చుని నీళ్లు తాగి వెళ్లే మనిషి ఆమె. మేనత్త కూడా ఆ ధైర్యంతోనే అన్నట్టుంది.

"నేను తొడిగింది గదమ్మా. పిల్లకెట్ల తొడుగుతరు?"

నాయనమ్మ తడుముకోలేదు. "ఉన్నికి మైల లేదు గదనే. నువ్వే అన్నవు గదా" అంది.

మేనత్త మాటే మేనత్తకు అడ్డం తిరిగింది. ఆమె లోపలికి వెళ్లి, స్వెట్టరు తీసి, మడతపెట్టి తెచ్చి నాయనమ్మ ముందు పెట్టింది. అరుగుమీద నాన్న చుట్ట కాల్చుకుంటూ రోడ్డుమీద పోయే కలపబండ్లను చూస్తున్నాడు. అన్నీ వినపడే దూరంలోనే ఉన్నాడు.

రంగు వేయడం కూడా ఆమె చేతనే చేయించారు. మోదుగుపూలు మరిగించి, వడగట్టి, పటిక కలిపి, నీళ్లు గోరువెచ్చబడ్డాక స్వెట్టరు ముంచింది. ముంచే ముందు నాయనమ్మ, "చేతులు తియ్యి, పిల్ల గాజులు కనబడాలె" అని చెప్పింది. మేనత్త భుజాల దగ్గర పోగులు లాగి రెండు చేతులూ విడదీసింది. "అవి నువ్వే ఉంచుకో" అంది నాయనమ్మ. ఆ ముక్క అనేటప్పుడు ఆమె గొంతులో ఎంత దయ పలికిందో చెప్పలేను. నిజంగానే తాను ఏదో ఇచ్చాననుకుంది.

పసుపు బాగా పట్టింది. పెళ్లివారు స్వెట్టరును మెచ్చుకున్నారు, పిల్లను ఖాయం చేసుకున్నారు. భద్రాచలంలో అక్కకు స్వెట్టరుతో పనేముంది, అయినా సారె పెట్టెలో అది కూడా వెళ్లింది. మేనత్త తనకు మిగిలిన ఆ తెల్ల స్వెట్టరు చేతుల్ని విప్పి, మరుసటి ఏడు అక్క బిడ్డకు టోపీ అల్లి పంపింది. వంటింట్లో ఈల మాత్రం పెళ్లివారు వెళ్లిన మర్నాడే మొదలైంది.

తర్వాతి చలికాలం నాయనమ్మకే కొంచెం ఇబ్బందిగా తోచినట్టుంది. "పాత ఊలు ఇంకా ఉన్నది గదనే, మళ్లొకటి తెలుపు జేసుకోరాదూ" అంది. మేనత్త అక్క ఎర్ర స్వెట్టరును నాకోసం తిరగ అల్లుతోంది. పుల్లలమీంచి కళ్లెత్తకుండా, "నాకు ఊలు పడదమ్మా, దురద పెడతది" అంది.

నాయనమ్మ హమ్మయ్య అనుకుంది. అమ్మ కూడా, "అయ్యో, ముందే చెప్పద్దా" అంది. నాన్న తలూపాడు. అందరికీ సుఖంగా ఉన్న అబద్ధం కనుక దాన్ని అందరూ వెంటనే నమ్మేశారు. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి, అందరికీ అల్లుతావు నీకేదమ్మా అని అడిగితే, ఆమె నోరు తెరవకముందే మావాళ్లే ఆ జవాబు చెప్పేవారు. ఆమె పోయింది కూడా చలికాలంలోనే, ఊపిరాడకే. ఆ పూట కూడా పరామర్శకు వచ్చినవాళ్లతో అమ్మ అదే చెప్పింది.

ఇప్పుడు అక్క మనవరాలి దాకా వచ్చింది ఆ మాట. మేనత్త ఊలు తొడుక్కున్న ఆ కొద్ది పొద్దులు చూసినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఆమెకు దురద పెట్టలేదు. చారు పోపు వేస్తూ పాడుకుంది.