నమస్కారం పెట్టే రాక్షసుడు

కళ్యాణదుర్గంలో మాకు కంప్యూటర్ నేర్పిన సారు మేం గీసిన రాక్షసుల్ని చింపేవాడు. ఆయన సొంతంగా ఒక గేమ్ తయారు చేస్తుండేవాడు. అందులోకి రాక్షసుణ్ణి గీసుకురమ్మని అడిగేది ఆయనే. తీసుకుపోతే ఒకటే ప్రశ్న: "దీన్ని యాడ చూసినావప్పా?" సినిమాలో అనో, క్యాలెండర్‌లో అనో అనేలోపే కాగితం రెండు ముక్కలయ్యేది.

కొమ్ములు, కోరలు, నెత్తురోడే నాలుకలు. నావే పదకొండు చింపాడు. పన్నెండోదీ చింపేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"మీరు గీసింది చూపించండి సార్, చూస్తాం" అన్నాను.

కుర్చీ నా వైపు జరిపాడు.

తెర మీద ఒక ఇంటి వాకిలి. తెల్లచొక్కా మనిషి ఒకడు నవ్వుతూ వచ్చి చేతులు జోడించాడు. "బాగుండావా అన్నా?" అని అక్షరాలు పడ్డాయి. నేను ఆడించే మనిషి చేతిలో గొడ్డలి ఉంది. నరకడానికి ఒక బటన్, నమస్కారానికి ఒక బటన్. దండం పెట్టినవాణ్ణి ఎట్లా నరుకుతాం? నమస్కారమే నొక్కాను. నా మనిషి గొడ్డలి కింద పెట్టి చేతులు జోడించాడు.

తెల్లచొక్కావాడు వెనక దోపుకున్న వేటకొడవలి బయటికొచ్చింది. మొదటి వేటుకు, నా మనిషి జోడించిన చేతులు రెండూ తెగి వాకిట్లో పడ్డాయి. రెండో వేటు మెడ మీద. తెల్లచొక్కావాడి నవ్వు మాత్రం చెదరలేదు.

ఆయన ప్రశ్ననే ఆయన్ను అడిగాను. "వీణ్ణి యాడ చూసినారు సార్?"

సారు చొక్కా కొసతో నమస్కారం బటన్ మీది దుమ్ము తుడిచాడు.

"మా వాకిట్లోనే అప్పా. మా నాయన గూడా నువ్వు నొక్కిందే నొక్కినాడు."