రేకు బిళ్ల చప్పుడు

ఈ ఉదయం పురపాలక సంఘం వాళ్లు మా వీధి కుక్కలకు టీకాలు వేసి, మెడలకు బిళ్లలు కట్టి వెళ్లారు. మధ్యాహ్నం గాలి స్తంభించిన వేళ ఆ బిళ్లల్లో ఒకటి మా మెట్టుకు తగిలి చప్పుడైంది. చేతిలో కలం ఆగిపోయింది. దయ్యాలను నమ్మేవాళ్లతో తగవు పెట్టుకుంటూనే జుట్టు నెరిసినవాణ్ణి నేను. అయినా ఆ చప్పుడు వింటే చెవి రిక్కిస్తాను. ఆ అలవాటు చేసింది యేసుదానం గారు.

అరవైల మొదట్లో, అల్లూరుకు తూర్పుగా సముద్రాన్ని ఆనుకుని ఉన్న మా ఊళ్లో ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. నేను ఆయన కింద మశూచి టీకాలు వేసేవాణ్ణి. సాయంత్రాలు సంస్కరణ సభల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఆయన వెనక బెంచీలో కూర్చుని అంతా విని, "బాగా అరిచినావబ్బయా. ఎవరన్నా మారినారా?" అని అడిగేవారు.

పెంపుడు కుక్కకు రేకు బిళ్ల కట్టాలనీ, కరిచిన కుక్కను చంపకుండా బందెలదొడ్డిలో పెట్టి పది రోజులు చూడాలనీ ఆయన దండోరా వేయించారు. పొలాల్లో పడిన పశువులను పట్టి తోలే దొడ్డి అది. మా ఊరి పద్ధతి వేరు. కుక్క కరిస్తే ముందు దాన్ని కర్రలతో కొట్టి చంపాలి, ఆ తర్వాత గాయానికి కారం అద్దాలి. చంపేశాక దానికి పిచ్చి ఉందో లేదో ఎలా తెలుస్తుందని ఒక్కరూ అడిగేవారు కాదు.

పోలమ్మ మొగుడు వెంకయ్య ఆ ఏడే చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. శవం కూడా ఒడ్డుకు చేరలేదు. అతను పెంచిన కుక్కకు పోలమ్మ బిళ్ల కట్టింది, అతని వల తాడుతోనే. ఒకరోజు కూడు పెడుతుంటే అది ఆమె చెయ్యి కొరికింది. కర్రలతో వచ్చినవాళ్లకు యేసుదానం గారు అడ్డం నిలబడ్డారు. కుక్కను దొడ్డిలో వేయించి, ఆమె చేతికి అద్దిన కారాన్ని సబ్బుతో కడిగారు. "నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి బొడ్డు చుట్టూ సూదులు ఏయించుకోవాలక్కా. లేకపోతే ప్రాణానికే ముప్పు" అన్నారు. ఆమె వినలేదు.

రెండు మూడు రోజులకు కుక్క గొంతు మారింది. మిట్టమధ్యాహ్నం, ఊరంతా తలుపులు వేసుకున్న వేళ, దొడ్డిలోంచి బొంగురుగా, సాగదీసి, మనిషి పిలిచినట్టు ఒక అరుపు. పడవ ఒడ్డుకు చేరేటప్పుడు వెంకయ్య పెట్టే కేక అచ్చం అలాగే ఉండేది. నేనూ విన్నాను. పోలమ్మ దొడ్డి గేటు ముందు కూర్చుని కదలనంది.

"ఆయనొచ్చినాడు. నన్ను పిలస్తా ఉండాడు. వదిలేసి ఏ ఆసుపత్రికి పొయ్యేది?"

పిచ్చికుక్కకు గొంతు పట్టేస్తుందని నేను ఉపన్యాసం అందుకున్నాను. "నా మొగుడి గొంతు నువ్వు నాకు చెప్తావా?" అని కసిరింది. ఎదురింటి సుబ్బయ్య యేసుదానం గారి మీదికే పోయాడు: "మీ దేవుడు చచ్చి లేచినాడంటారే, మా వెంకయ్య లేవకూడదా సారూ?"

"లేచినాడబ్బయా. లేచి ఎవర్నీ కరవలేదు" అని నవ్వి, ఆయన పోలమ్మ పక్కన ఇసుకలో కూర్చున్నారు. అరుపు మళ్లీ వచ్చింది. "నాక్కూడా వెంకయ్య గొంతులాగే ఉండాదక్కా" అన్నారు. "ఇంటికొస్తానే నిన్నేమని పలకరించేవాడు?"

"'ఏం మే, తిన్నావా?' అనేవాడు. అదడక్కుండా కాళ్లు కూడా కడుక్కోడు."

"అయితే ఆ మాట వచ్చేదాకా కూర్చుందాం. వస్తే నేనే గేటు తీస్తా."

కూర్చున్నాం. చువ్వలకు బిళ్ల తగిలే చప్పుడు, ఆ అరుపు, వెనక సముద్రపు హోరు. ఆ మాట వస్తుందేమోనని నేను, ఇన్ని సభల్లో అరిచినవాణ్ణి, నిజంగా భయపడ్డాను. చివరికి పోలమ్మే పిలిచింది.

"నేను పొద్దుట్నుంచి తిన్లేదయ్యా."

కుక్క వచ్చింది. ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఎవరూ లేరు. ఇనపచువ్వను పటపటమని కొరికింది. నురగ ఇసుకలో పడింది. యేసుదానం గారు ఆమెను వెనక్కి లాగారు.

పోలమ్మ కొంగు దులుపుకుని లేచింది. "ఇది ఆయన కాదు సారూ. నేను తిన్లేదంటే ఊరుకునే మనిషి కాదు. నెల్లూరు బస్సెన్నింటికి?"

మర్నాటికి కుక్క చచ్చిపోయింది. పోలమ్మ సూదులన్నీ వేయించుకుని, మనవరాళ్ల పెళ్లిళ్లు చూసి పోయింది. నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా పరీక్షకు కూర్చోబెట్టిన మనిషిని ఆయన్ని తప్ప ఇంకొకర్ని నేను చూడలేదు. ఎవరైనా నాతో చచ్చినవాడు పిలుస్తున్నాడంటే ఇప్పుడు అరవను. ఏమని పిలిచేవాడో అడిగి, పక్కన కూర్చుంటాను.

బయట బిళ్ల మళ్లీ చప్పుడైంది. 'తిన్నావా?' అనే ఆ మాట కోసం విన్నాను. ఇంతవరకు రాలేదు. తీస్తానన్న యేసుదానం గారు ఇప్పుడు లేరు; వస్తే గేటు తీయవలసినవాణ్ణి నేనే.