కింద ఆరుగురు

ఢిల్లీ జనక్‌పురిలో మా కూరగాయల భయ్యా అడక్కపోయినా కొత్తిమీర కొసరేస్తాడు. కరివేపాకు అడిగితే మాత్రం మందుల షాపుకి పొమ్మన్నట్టు చూస్తాడు. పాతికేళ్ళుగా ఇదే వరస. సరే, ఉద్యోగం సంగతికొస్తాను.

రిటైరవడానికి రెండేళ్ళ ముందు గురుగ్రామ్‌లో, మంచినీళ్ళ ఫిల్టర్లు అమ్మే కంపెనీలో హెచ్చార్ మేనేజరుగా ఉన్నాను. అమ్మకాలు ఏడాదిగా పడిపోతున్నాయి. ఫిల్టర్లు కారుతున్నాయని కొన్నవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. ఆలోచించి, మేనేజర్లను తగ్గించాలని పైవాళ్ళు తేల్చారు.

దీనికో పద్ధతుంది. ముందు పేర్లు లేకుండా పోస్టుకో గడి చొప్పున గళ్ళు గీస్తారు. తర్వాత వాటిలో మనుషుల్ని కూర్చోబెడతారు. ఆ గళ్ళు గీయడం, గడి దొరకనివాళ్ళకు ఉద్యోగం పోయిందన్న ఉత్తరం ఇవ్వడం నా పని. ఈసారి నియమం: కింద ఆరుగురు లేకపోతే ఆ మేనేజరు పోస్టు రద్దు. లెక్క శుక్రవారం సాయంత్రానికి.

ఆ వారం ఆఫీసంతా మనుషుల్ని చేబదులు తీసుకుంది. డైరెక్టరుగారి డ్రైవరు మార్కెటింగ్‌లో చేరాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

నా కింద నలుగురే. ఫిర్యాదుల విభాగం చూసే కాకినాడ పద్మజగారి కింద ఎనిమిదిమంది. గురువారం వెళ్ళి, ఇద్దర్ని కాగితం మీద నాకు రాసుకుంటానని, పని ఆవిడ దగ్గరే చేస్తారని చెప్పాను.

"అదెంత భాగ్యమండీ మూర్తిగారూ, రాసుకోండి. నా ఆరుగురు నాకుంటే చాలు" అంది, చెవి దగ్గర ఫోను తీయకుండానే.

కాంట్రాక్టువాళ్ళు లెక్కకు రారని పైనుంచి వచ్చిన మెయిల్‌ను శుక్రవారం మధ్యాహ్నం అందరికీ పంపాను. పద్మజగారికి మిగిలిన ఆరుగురిలో ఇద్దరు కాంట్రాక్టు. నేను రాసుకున్న ఇద్దరూ పర్మనెంటు. ఆవిడ పోస్టు రద్దయింది, విభాగం హెచ్చార్‌లో కలిసింది. అంటే నాలో.

గళ్ళలో పేర్లుండవన్నది నిజమే. గీసేవాడికి తన గడి ఎక్కడుందో తెలుస్తుంది. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇదొక్కటే.

సోమవారం ఉత్తరం ఇచ్చాను. కారణం చూపే మెయిల్ ప్రతిని జతచేయడం పద్ధతి కాబట్టి చేశాను. పద్మజగారు ఉత్తరం పక్కనపెట్టి మెయిల్ చివరిదాకా చదివింది.

"ఇది మీకు బుధవారమే వచ్చింది. నన్ను గురువారం అడిగారు."