మద్రాసు పేరిట వదిలిన సామగింజ

నిన్న మా మనవరాలు ఫార్మసీ డిగ్రీకి నాలుగు యూనివర్సిటీల దరఖాస్తులు నా ముందు పరిచి, ఏది మంచిదో చెప్పమని కూర్చుంది. ఆ పిల్ల ఏకరువు పెడుతున్న ర్యాంకులూ లేబొరేటరీలూ సగమే చెవికెక్కాయి. తక్కిన మనసంతా అరవై ఏళ్లు వెనక్కి, అరకు లోయలో పసుపుపచ్చని వలిసెపూల చేల మీద వాలిన పొగమంచులోకి మెల్లగా జారిపోయింది.

మా రోజుల్లో ఈ చదువుకి డిగ్రీ మాలాంటివాళ్లకు ఎక్కడ అందేది? విశాఖపట్నం ఆసుపత్రిలో కాంపౌండరు దగ్గర చేరి మందులు కలపడం నేర్చుకోవాలి, లేదా మద్రాసు పోయి డ్రగ్గిస్టు పరీక్ష ప్యాసవ్వాలి. డుంబ్రిగుడ సంతలో ఉప్పూ బట్టలూ అమ్మే మా నాన్నకు నేను విశాఖ దాటడం ఇష్టం లేదు. నాకేమో మద్రాసు తప్ప మరో ఊరు కల్లోకైనా వచ్చేది కాదు. ఎంతకీ తెగని ఆ వ్యవహారాన్ని నాన్న చివరికి దిసారి తాత ముందు పెట్టాడు.

దిసారి అంటే ఆ కొండల్లో వైద్యుడూ, మంచిచెడ్డలు చూసి చెప్పేవాడూను. ఆకుదొప్పలో నీళ్లు పోసి, ఒక్కో ఊరి పేరున ఒక్కో సామగింజ వదిలేవాడు. ఆఖరుదాకా తేలిన గింజదే మాట. నేనెంత గడుసువాణ్నంటే, ముందురోజే ఆయన చేతిలో పొగాకు కట్ట పెట్టి నా కోరిక చెవిన వేసి వచ్చాను. మర్నాడు ఆయన దొప్ప మీదికి వంగి చాలాసేపు చూసి, మద్రాసే అన్నాడు. నాన్న ఆ సాయంత్రమే నా ప్రయాణానికి డబ్బు లెక్కపెట్టాడు.

అనంతగిరి దారిలో నన్ను సాగనంపుతూ తాత అసలు సంగతి చెప్పాడు. తేలింది విశాఖ గింజేనట. గింజల మాట కాదనడం ఆయన జన్మలో అదే మొదలట. పొగాకు కట్ట విప్పకుండానే నాకు తిరిగిచ్చేశాడు. ఆ ఏడు తన వేర్లకూ మూలికలకూ లొంగని నాన్న చలిజ్వరం, కింద మైదానం నుంచి తెప్పించిన క్వినైనుతో దిగిపోవడం ఆయన కళ్లారా చూశాడు మరి.

“పెద్ద సదువే సదువుకో గుంటడా. ఆ సేదు మందు మాత్రం మా కొండకి బేగి తెచ్చియ్యి” అన్నాడు. తెస్తానని చేతిలో చెయ్యేశాను.

పరీక్ష ప్యాసయ్యాను. మద్రాసులోనే ఒక మందుల షాపులో కుదురుకుని, వచ్చే ఏడు వెళ్దాం, ఆపై ఏడు వెళ్దాం అనుకుంటూ కాలం దొర్లించేశాను. తీరా క్వినైను సీసాలతో కొండెక్కేసరికి, ఆ వానాకాలమే తాతను చలిజ్వరం తీసుకుపోయిందని ఆయన కోడలు చెప్పింది.

“నువ్వొత్తావని రోజూ దారికేసే సూసీవోడు” అంది.

ఇప్పుడు లోయలో బస్సు ఆగిన చోటల్లా మందుల షాపు ఉంది, కాలేజీ ఎంచుకోవడానికి ఎవరి గింజలూ అక్కర్లేదు. మంచిదే, సంతోషమే. కానీ నా చదువు కోసం జన్మలో ఒక్కసారి అబద్ధమాడిన మనిషికి, ఒక్క మాత్ర అందించలేకపోయిన డ్రగ్గిస్టుని నేను.